పంట నష్టం రాసేటప్పుడు ఆమె పేరు కూడా రాయండి

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి శ్రీ తుమ్మల నాగేశ్వరరావు గారికి,
ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి,



2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను ఒక్క రాష్ట్రంతో పోలేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కంకి మీదున్న వరిని పడుకోబెట్టింది. మర్నాటికి వరంగల్, ఖమ్మం వైపు తిరిగి చేలల్లో విచ్చుకున్న పత్తిని, యార్డుల్లో ఆరబోసిన వడ్లను ముంచింది. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో వాన నీటికి కొట్టుకుపోతున్న వడ్లను చేతులతో పోగుచేసుకుంటూ ఒక మహిళా రైతు ఏడ్చిన దృశ్యాన్ని రెండు రాష్ట్రాల జనమూ ఫోన్లలో చూశారు. ఆ వారం తెలుగు నేల మీద రైతు కష్టానికి ముఖం ఎవరిదంటే ఒక ఆడమనిషిదే.

తుపాను వెనకాలే ఊళ్లలోకి నష్టం రాసుకునేవాళ్లు వస్తారు. చేతిలో ట్యాబ్ ఉంటుంది, ఫారం ఉంటుంది. పడిపోయిన చేనును ఫొటో తీసుకుంటారు, ఎన్ని గుంటలో, ఎన్ని సెంట్లో అడుగుతారు. కానీ అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న అడుగుతారు: ‘పట్టా ఎవరి పేరు మీదుంది?’

ఆ చేలో నారు పీకిందెవరు, నాటు వేసిందెవరు, మూడు విడతలు కలుపు తీసిందెవరు అన్న ప్రశ్నలు ఆ ఫారంలో లేవు. నష్టం 33 శాతం దాటిందా లేదా అన్నది ఉంటుంది. ఆ నష్టంతో పాటే పోయిన కూలి రోజులకు మాత్రం గడి ఉండదు. సాగు కాగితం ఎవరి దగ్గరుంటే సాయం వాళ్ల ఖాతాలో పడుతుంది. కౌలుకు చేసిన కుటుంబానికి, ఆ కుటుంబంలో సగానికి పైగా పని తన చేతుల మీదుగా చేసిన స్త్రీకి మిగిలేది అప్పు. వాతావరణం ఇంతగా గతి తప్పుతున్న కాలంలో తెలుగు రాష్ట్రాల తిండి భద్రత గురించి మాట్లాడాలంటే మాట ఆ ఒక్క ప్రశ్న దగ్గర మొదలు కావాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

ముందుగా ఒక వింత. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం 13వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీలలో అందరికన్నా పెద్దావిడే రేషన్ కార్డుకు కుటుంబ పెద్ద. అంటే చౌక దుకాణం ముందు ఆమెను ఇంటి యజమానురాలిగా ప్రభుత్వం ఒప్పుకుంటుంది. అదే కుటుంబం చేను దగ్గరికి వచ్చేసరికి ఆమె రైతు భార్య అవుతుంది, లేదా కూలీ అవుతుంది. తిండి తీసుకునేటప్పుడు పెద్ద, తిండి పండించేటప్పుడు ఎవరూ కాదు. రెండూ ప్రభుత్వ కాగితాలే.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. దేశంలో పల్లెల్లో పనిచేసే స్త్రీలలో నూటికి 75 మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారని కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వేలు తేల్చాయి. 2015-16 వ్యవసాయ గణనలో మాత్రం కమతందారులుగా లెక్కకెక్కిన స్త్రీలు 14 శాతం దగ్గరే ఆగారు, వాళ్ల చేతిలో ఉన్న భూమి 12 శాతం లోపే. తెలుగు రాష్ట్రాల్లో ఈ వాటా దేశ సగటు కన్నా మెరుగ్గా ఉందన్న మాట నిజం. దానికి చరిత్ర కూడా ఉంది. ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 1986లోనే తెచ్చింది. కేంద్రం అదే పని చేయడానికి 2005 దాకా పట్టింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం పెట్టినప్పుడు ఆ భూమిని ఆడవాళ్ల పేరనే రాసింది. దారి తెలియనివాళ్లమేమీ కాదు. సగం దారిలో ఆగినవాళ్లం.

ఆ సగం దారి ఎక్కడ ఆగిందో చెప్పడానికి వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ గారి కథే చాలు. ఆయన అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతుల కమిషన్ సిఫార్సుల మీద 2007లో జాతీయ రైతు విధానం వచ్చింది. భూమి ఉన్నా లేకున్నా కౌలుదారు, పాలుకు చేసేవాడు, కూలీ, పశువుల కాపరి, అడవి ఉత్పత్తులు ఏరుకునేవాళ్లు, స్త్రీ పురుష భేదం లేకుండా అందరూ రైతులే అని అది నిర్వచించింది. రాజ్యసభ సభ్యుడిగా స్వామినాథన్ 2012లో మహిళా రైతుల హక్కుల బిల్లును ప్రైవేటు బిల్లుగా ప్రవేశపెట్టారు. సాగు చేస్తున్న స్త్రీకి గ్రామ స్థాయిలోనే మహిళా రైతుగా ధ్రువపత్రం ఇవ్వాలన్నది అందులో కీలకం. మరుసటేడు ఆయన పదవీకాలం ముగిసింది, బిల్లూ మురిగిపోయింది. 2007 నిర్వచనం విధాన పత్రంలోనే ఉండిపోయింది. తెలంగాణలో రైతు బంధు, రైతు బీమా, రైతు భరోసా అన్నీ పాస్‌బుక్ పట్టుకునే నడిచాయి.

మంచి వానలు పడ్డ రోజుల్లో ఈ లోటు అంత గట్టిగా తగలదు. పంట చేతికొస్తే యజమానికి కౌలు, కూలీకి కూలి, ఇంటికి గింజ ఎంతో కొంత అందుతాయి. దెబ్బ తెలిసేది వాన తప్పినప్పుడూ, మీద పడినప్పుడూ. 2023లో తెలంగాణ ఈ రెంటినీ నెల తేడాలో చూసింది. జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అప్పటిదాకా ఎన్నడూ నమోదు కాని వాన అది. మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు 1901 నుంచి దేశం చూసిన ఆగస్టులన్నిటిలోకీ వాన లేనిది. మునిగిన చేలో మళ్లీ విత్తినవాళ్లకు మొలక ఎండింది.

ఆ నెలలో పత్తి చేలో ఏం జరుగుతుందో చూడాలి. విత్తనం రెండోసారి పెట్టాల్సి వస్తే గింజలు పెట్టేది ఆడవాళ్లే. రెండో విత్తనానికి కావలసిన డబ్బు ఎక్కువసార్లు సంఘం అప్పు నుంచో, పుస్తె తాకట్టు నుంచో వస్తుంది. మొలక ఎండితే కలుపు తీసే పని ఉండదు. మెట్ట ప్రాంతంలో ఆడకూలీలకు ఆగస్టు, సెప్టెంబర్‌లలో దొరికే ప్రధానమైన పని అదే. కాబట్టి పంట పోవడానికి రెండు నెలల ముందే ఇంట్లో కూలి ఆగిపోతుంది. చివరికి పత్తి విచ్చాక వాన పడితే ఇంకో చిక్కు. నడుముకు ఒడి కట్టుకుని ఏరే పత్తికి కూలి కిలో లెక్కన ఇస్తారు. తడిసిన కాయ నల్లబడుతుంది, చేతికి సరిగా రాదు. రోజంతా వంగి ఏరినా తూకం తేలదు. తేమ 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ కొనదు. మధ్య దళారి అడిగిన ధరకు పోతుంది. ఆ నష్టం ముందుగా కూలి రేటులోనే తెలుస్తుంది.

ఈ మాట తెలుగు పల్లెకే పరిమితం కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 24 పేద, మధ్యాదాయ దేశాల్లో లక్షకు పైగా పల్లె కుటుంబాల లెక్కలు తీసి 2024 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. ఎండ తీవ్రత వల్ల ఆడవాళ్లు నడిపే కుటుంబాలు మగవాళ్లు నడిపే కుటుంబాల కన్నా 8 శాతం ఎక్కువ ఆదాయం కోల్పోతున్నాయని, వరదల వల్ల 3 శాతం ఎక్కువ కోల్పోతున్నాయని అది తేల్చింది. సగటు ఉష్ణోగ్రత దీర్ఘకాలంలో ఒక డిగ్రీ పెరిగితే ఆడవాళ్లు నడిపే కుటుంబాల ఆదాయం మగవాళ్లు నడిపే కుటుంబాలతో పోలిస్తే 34 శాతం పడిపోతుందని లెక్క కట్టింది. ఎండ అందరికీ ఒకటే. భూమి, అప్పు, బీమా, నీళ్ల మోటారు ఉన్నవాళ్లు తట్టుకున్నట్టు లేనివాళ్లు తట్టుకోలేరు. అంతే తేడా.

2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత మధ్యాహ్నం బయటికి రావద్దన్న హెచ్చరికలు, చలివేంద్రాలు, మజ్జిగ పంపిణీ వచ్చాయి. మంచిదే. కానీ ఏప్రిల్‌లో మిరప కల్లాల్లో పనిచేసే మనిషి మధ్యాహ్నం ఇంటికి పోతే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలికి బదులిచ్చే ఏర్పాటు ఇక్కడ లేదు. గుజరాత్ కేంద్రంగా పనిచేసే సేవా సంఘం ఆ దారి చూపింది. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే ఫారాలు, పంచనామాలు లేకుండా నేరుగా ఖాతాలో డబ్బు పడే బీమాను 2024లో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో దాదాపు 50 వేల మంది శ్రామిక మహిళలకు చేయించింది. ఆ వేసవిలోనే 46 వేల మందికి పైగా డబ్బు అందింది. ఒక్కొక్కరికి వచ్చింది కొన్ని వందల రూపాయలే. అయినా ఒక రోజు ఎండకు ఇంట్లో ఉండే వీలు కలిగింది.

ఇక పళ్లెం సంగతి.

మెట్ట చేలల్లో ఎవరూ విత్తకుండా మొలిచే ఆకుకూరలు చాలా ఉన్నాయి. దొగ్గలి, తుమ్మి, గునుగు, చెంచలి, పావిలి, పొన్నగంటి. కలుపు తీయడానికి వెళ్లిన ఆడమనిషి సాయంత్రం కొంగులో ఇంత కూర మూటగట్టుకుని వచ్చేది. ఇనుము, విటమిన్లు ఉన్న ఆ కూరకు ధర లేదు, కాబట్టి ఏ లెక్కలోనూ లేదు. పత్తి ఒక్కటే వేసే చేలల్లో కూలి ఖర్చు తగ్గించుకోవడానికి గడ్డి మందు కొట్టడం మొదలయ్యాక రెండు పనులు ఒక్కసారే జరిగాయి. ఆమె కలుపు కూలి పోయింది, ఆమె కూరా పోయింది. బజారులో టమాటా కొనాలంటే డబ్బు కావాలి. రేషన్ బియ్యం ఉంది కాబట్టి కడుపు నిండుతుంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, జనం సంతోషంగానే తింటున్నారు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అన్నం దొరుకుతున్న రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం లేదు. ఇంట్లో పప్పు తక్కువైన రోజు అందరికీ పెట్టి చివర్లో తినే మనిషి పళ్లెంలోకి చారు నీళ్లే వస్తాయన్నది ఏ తెలుగు ఇంట్లోనూ కొత్త కబురు కాదు.

కర్నూలు జిల్లా పడమటి మండలాలకు వెళ్తే ఈ కథ ఇంకో రూపంలో కనిపిస్తుంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు వానలు మోసం చేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే పని కోసం వలస, పోతాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప కోతలకు లారీల్లో, ఆటోల్లో తరలి, చేల గట్ల మీద టార్పాలిన్ గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉంటారు. మిరప కోత ఎక్కువగా ఆడవాళ్ల పని. నీళ్లు మోయడం, వంట, పిల్లలు కూడా వాళ్ల పనే. బడిలో పేరున్న పిల్ల తమ్ముణ్ని చూసుకోవడానికి తల్లితో వచ్చేస్తుంది. ఆ పిల్ల మళ్లీ బడికి పోతుందన్న నమ్మకం ఎవరికీ ఉండదు. వాన తప్పడం వల్ల జరిగిన నష్టాన్ని ఎకరాల్లో కొలుస్తున్నాం. ఆ పిల్ల చదువు ఏ ఎకరంలోకి వస్తుంది?

అచ్చెన్నాయుడు గారికి సొంత జిల్లా సంగతి చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కాపుకొచ్చిన కొబ్బరి చెట్టు ఒక్కటి పోతే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ప్రభుత్వం కొబ్బరికి చెట్టు లెక్కన పరిహారం ఇచ్చింది. చెట్టు ఉన్నవాళ్లకు అది న్యాయమే. పలాస జీడి పరిశ్రమ మాత్రం పిక్క కొట్టి, పొట్టు తీసి, రకాలు వేరుచేసే వేలాది ఆడవాళ్ల చేతుల మీద నడుస్తుంది. తోట పోతే బట్టీకి పిక్క రాదు, పిక్క రాకపోతే ఆమెకు పని లేదు. ఆమెకు లెక్కపెట్టడానికి చెట్టు లేదు.

తుమ్మల గారు ఖమ్మంవాసి. 2024 సెప్టెంబర్ మొదటి రోజున మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చినప్పుడు ఇళ్లలో నానిపోయిన బియ్యం, పప్పుల మూటలను, కుట్టు మిషన్లను బయటపడేసుకున్న ఆడవాళ్లను స్వయంగా చూసినవారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు పునరావాస శిబిరాల్లో నెలలు నిండిన గర్భిణులు, పసిపిల్లల తల్లులు ఎలా గడిపారో కూడా తెలిసినవారు. వరద సాయం జాబితాల్లో ఇల్లు ఉంటుంది, పశువు ఉంటుంది, పంట ఉంటుంది. ఆమె బతుకుతెరువు మీద విడిగా ఒక గీత ఉండదు.

అన్నిటికన్నా క్రూరమైన లెక్క భర్త పోయాక మొదలవుతుంది. రైతు బీమా 2018 ఆగస్టులో తెలంగాణలో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. చాలా ఇళ్లను నిలబెట్టిన పథకమిది, అందులో సందేహం లేదు. కానీ పట్టా లేని కౌలు రైతు చనిపోతే అతని భార్యకు ఆ పథకం తలుపు తెరుచుకోదు. 2022లో రైతు స్వరాజ్య వేదిక తెలంగాణ గ్రామాల్లో చేసిన సర్వేలో సాగుదారుల్లో ప్రతి ముగ్గురిలో ఒకరి కన్నా ఎక్కువ మంది కౌలుదారులే తేలారు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 2004 నాటి 421 నంబరు జీవో, తెలంగాణలో 2015 నాటి 194 నంబరు జీవో ఉన్నాయి. అవి కాగితం మీద కౌలుదారును కాదనవు. అయితే ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ ముందు ఆ మనిషి రైతేనని, అప్పు సాగు కోసమేనని నిరూపించాల్సింది భార్య. నోటిమాట కౌలుకు రసీదు ఉండదు, వడ్డీ వ్యాపారి ప్రోనోటు చూపించడు. దహన సంస్కారాలయ్యీ కాకముందే ఆమె సాక్ష్యాలు వెతుక్కోవాలి. ఆ తర్వాత అదే చేను ఆమె కౌలుకు అడిగితే, మగదిక్కు లేని ఇంటికి భూమి ఇవ్వడానికి యజమాని జంకుతాడు.

తెలంగాణ 2020లో కేంద్ర పంటల బీమా పథకం ఫసల్ బీమా నుంచి తప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ పంట నమోదు మేలైన పద్ధతే, కౌలుదారు పేరు ఎక్కించే వీలుంది. కానీ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల సాగుదారు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టే యజమానులు తక్కువ. 2011 నాటి కౌలు చట్టంలో ఆ సంతకం షరతు లేదు. గ్రామంలో దరఖాస్తు పెట్టుకుంటే విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు, అభ్యంతరం ఉంటే యజమాని చెప్పుకునేవాడు. ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని వదిలి సంతకానికి మళ్లింది. తెలంగాణలో ఆ చట్టం పుస్తకంలో ఉంది, ఊళ్లో లేదు.

ఇంతవరకూ చెప్పింది నష్టాల మాట. ఈ నేల మీదే జవాబులూ ఉన్నాయి. వాటిని కట్టింది కూడా ఎక్కువగా ఆడవాళ్లే.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత, బీద మహిళలు సంఘాలు కట్టారు. బీడుపడ్డ ఎర్ర నేలలను, రాళ్ల భూములను బాగుచేసి జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనప, అలసంద, నువ్వు కలిపి వేశారు. ఒక వాన ఆలస్యమైతే ఒకటి పోతుంది, ఇంకొకటి నిలుస్తుంది. మొత్తం పోవడం అరుదు. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి పేడతో అలికిన బుట్టల్లో పోసి, మూతి మట్టితో మెత్తి దాచే విద్య వాళ్లది. అప్పు తీసుకుంటే విత్తనం విత్తనంగానే, కొంచెం ఎక్కువ కలిపి తిరిగిచ్చే సంఘం పద్ధతి వాళ్లది. కంపెనీ సంచి కోసం, డీలర్ అప్పు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

అక్కడితో ఆగలేదు. 1990ల మధ్యలో ఆ ఊళ్ల మహిళలు సొంత రేషన్ వ్యవస్థ నడిపారు. బీడు దున్నుకునే చిన్న రైతుకు అప్పు ఇచ్చి, దాన్ని కొన్నేళ్ల పాటు జొన్నల రూపంలో తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, పని దొరకని వానాకాలపు నెలల్లో అందరికన్నా పేద కుటుంబాలకు చవకగా అమ్మారు. ఎవరు పేదలో తేల్చింది కూడా ఊరివాళ్లే. పంట, పని, తిండి మూడూ ఒకే ఊళ్లో ముడిపడ్డాయి. 2008లో మాచనూరులో సంఘం రేడియో పెట్టి విత్తనం మాటలు, కూరల మాటలు గాలిలోకి పంపారు. ప్రతి ఏడూ పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలను ఊరేగిస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సొసైటీకి ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయానికి వెన్నెముక డ్వాక్రా సంఘాలే. తొలకరికి ముందే నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద పట్టించి పొడి దుక్కిలో చల్లుతారు. నేల ఎండకు వట్టిపోకుండా పచ్చగా ఉంటుంది, పశువుకు మేత, ఇంటికి కూర దొరుకుతాయి. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. ఒడిశా ఇంకో అడుగు వేసింది. 2017లో 7 జిల్లాల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, గిరిజన రైతుల నుంచి రాగులు కొని రేషన్ షాపుల ద్వారా ఇచ్చింది, కొన్ని జిల్లాల అంగన్‌వాడీల్లో రాగి లడ్డూ పెట్టింది. 2025-26 సీజన్లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు రాగికి 4,886 రూపాయలు, సాధారణ వరికి 2,369. ధర కాగితం మీద రెట్టింపు ఉంది, కొనే మనిషి లేడు. పాడేరు, అరకు కొండల్లో చోడి (రాగి) పండించే గిరిజన మహిళ సంతలో వచ్చిన ధరకు అమ్ముకుని వస్తుంది. ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యాలు ఇచ్చే వీలు మొదటి నుంచీ ఉంది.

సాగు చేసే స్త్రీని రైతుగా రాయమంటే అధికారుల నుంచి వచ్చే అభ్యంతరాలు రెండు. ఒకటి, అలా రాస్తే భూమి తగాదాలు వస్తాయని, యజమానులు కౌలుకివ్వడం మానేస్తారని. పంట ఎవరు వేశారన్న నమోదు వేరు, భూమి హక్కు వేరు. సాగుదారు కార్డు భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని 2011, 2019 చట్టాలు రెండూ స్పష్టంగానే రాసుకున్నాయి. ఆ మాటను పల్లెలో యజమానికి చెప్పి ఒప్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, కౌలు చేసే ఆడమనిషిది కాదు. రెండోది, ఆమె పేరన వేసినా డబ్బు భర్తే వాడుకుంటాడని. మూడు దశాబ్దాలుగా బ్యాంకు అప్పులు తీసుకుని తీర్చిన డ్వాక్రా మహిళల రాష్ట్రాల్లో ఈ మాట అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు, సన్మానాలు, శాలువాలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు రెండు ప్రభుత్వాలు చేయగలిగిన పనులు ఇవి.

వచ్చే వానాకాలం పంట నమోదులో, అది ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ కానీ తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారుల (ఏఈఓల) నమోదు కానీ, పట్టాదారు పేరు పక్కన సాగు చేస్తున్నవారి పేర్లు, అందులో స్త్రీ పేరు తప్పనిసరిగా రాసే గడి పెట్టాలి. స్వామినాథన్ బిల్లు చెప్పినట్టు ఆ పేరును గ్రామసభలో చదివి ధ్రువీకరించాలి.

కౌలు కార్డుకు యజమాని సంతకం షరతు తీసేయాలి. తెలంగాణలో 2011 చట్టాన్ని మళ్లీ కదిలించాలి. గుంపుగా కౌలు చేసే మహిళా సంఘాలకు మొదటి వరుసలో కార్డులు ఇవ్వాలి. రైతు బీమాను నమోదైన ప్రతి సాగుదారుకూ వర్తింపజేయాలి.

తుపాను, కరువు, వడగాలి ప్రకటించిన మండలాల్లో పంట నష్టంతో పాటు కూలి నష్టాన్ని కూడా లెక్కకట్టి, రేషన్ కార్డులో కుటుంబ పెద్దగా ఉన్న స్త్రీ ఖాతాకే నేరుగా వేయాలి. జాబితా ఇప్పటికే పౌర సరఫరాల శాఖ దగ్గర సిద్ధంగా ఉంది. కొత్తగా ఎవరినీ వెతకనక్కర్లేదు.

జహీరాబాద్, పాడేరు, అనంతపురం లాంటి మెట్ట, కొండ ప్రాంతాల్లో మహిళా సంఘాల ద్వారా జొన్న, రాగి, కొర్ర, కంది మద్దతు ధరకు కొని, అక్కడి రేషన్ షాపులకూ, అంగన్‌వాడీలకూ, బడి భోజనానికీ ఇవ్వాలి.

ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. కొన్నిటికి చట్టం ఉంది, కొన్నిటికి పక్క రాష్ట్రంలో అనుభవం ఉంది, కొన్నిటికి మన జిల్లాల్లోనే నలభై ఏళ్ల అనుభవం ఉంది. లేనిదల్లా ఫారంలో ఒక గడి, దాన్ని నింపమని ఒక ఉత్తర్వు. ఫారాలు మార్చడానికి శాసనసభ సమావేశం అక్కర్లేదు. మంత్రి సంతకం చాలు. వచ్చే జూన్‌లో పంట నమోదు మొదలయ్యేలోపు ఆ సంతకం పెట్టాలని రెండు రాష్ట్రాల మంత్రులకూ ఈ లేఖ విజ్ఞప్తి.